ట్రైలర్ తోస్తోంది

నమలడం ఆపడు. కొండ దిగుడు మొదలైన దగ్గర్నుంచీ పక్క సీట్లో బావమరిది పొద్దుతిరుగుడు గింజలు నములుతూనే ఉన్నాడు, నోరు మూయకుండా, ఒక్కొక్క గింజ పళ్ళ మధ్య పగిలే చప్పుడు ఇంజను రొదలోంచి కూడా విడిగా వినబడేలా. నమిలిన పొట్టుని నాలుకతో పెదవి చివరికి తోసి కిటికీలోంచి ఊస్తాడు. సగం గాలికి తిరిగొచ్చి తలుపుకే అంటుకుంటుంది. తడి పొట్టు, ఉమ్మి మెరుస్తూ, మెల్లగా కిందికి జారుతుంది. వాడది చూస్తాడు, చూసి ఇంకో గుప్పెడు నోట్లో పోసుకుంటాడు. సాయంత్రం బకెట్టు తెచ్చుకుని, గుడ్డ తడుపుకుని, భార్య తమ్ముడి ఎంగిలి తుడవాల్సింది తను. రోడ్డు చూడు, అని తనకు తాను చెప్పుకున్నాడు అతను. ఎడమ పక్కన కొండ గోడ, కుడి పక్కన నడుమెత్తు రాళ్ళు, రాళ్ళ అవతల ఏమీ లేదు. మధ్యాహ్నపు ఎండలో తారు మెత్తబడి టైర్లకి అతుక్కుని విడిపోతున్న చప్పుడు. ఆ చప్పుడు కూడా నమిలినట్టే ఉంది.

మలుపు ముందు బ్రేకు మీద కాలు పెట్టాడు. లారీ తగ్గింది. వెనకది తగ్గలేదు. ఇనుప కడ్డీల కట్టలతో నిండుగా ఉన్న ట్రైలర్ ఒక క్షణం ఆలస్యంగా వచ్చి వెనక నుంచి ఆనుకుంది, సీటు అడుగున ధడేల్మని ఒక కుదుపు, అది ఇంజను మీంచి నడుముకి, నడుము నుంచి పళ్ళకి పాకింది. వరసలో నిలబడినప్పుడు వెనకవాడు పొట్ట ఆనించి, మెడ మీద వెచ్చగా ఊపిరి వదులుతూ తోస్తాడు చూడు, అలా. వెనక్కి తిరిగి ఒక్కటి ఇవ్వాలనిపిస్తుంది, తిరగడానికి చోటుండదు. ట్రైలర్ తోస్తోంది. ఈ మాటే వారం నుంచీ తను చెబుతున్నాడు. పెడలు ఒకటే, తొక్కేది ఒకటే కాలు. తొక్కినప్పుడు బ్రేకుల్ని నొక్కే గాలి ముందు లారీకీ వెనక ట్రైలర్‌కీ వెళ్ళాలి, అందులోనూ ట్రైలర్ చక్రాలు ఒక్క పిసరు ముందుగా, ఒక్క పిసరు గట్టిగా పట్టుకోవాలి. అప్పుడే వెనకది ముందుదాన్ని వెనక్కి లాక్కుంటూ బుద్ధిగా దిగుతుంది. ఆ పిసరు ఎంతో చెప్పేది ట్రైలర్ కింద వాల్వు మీద ఉండే చిన్న స్క్రూ. బొటనవేలంత ఉండదు. దాన్ని వీడు తిప్పాడు. ప్రెషరు కొలిచే గేజీ పెట్టకుండా, ఎవర్నీ అడక్కుండా, ఫోన్లో ఏదో వీడియో చూస్తూ, చొక్కా నలగకుండా కింద అట్టముక్క పరుచుకుని, యార్డులో ఉన్న ట్రైలర్లన్నిటికీ వెనక్కి తిప్పేశాడు. ట్రైలర్ల బ్రేకు లైనర్లు తొందరగా అరిగిపోతున్నాయట. ప్రెషరు తగ్గిస్తే అరగవట. అరగవు, నిజమే. పని చేయనిది ఏది అరిగింది గనక. పక్కన కూర్చున్న వీడి చేతులు చూడు, పిల్ల చేతుల్లా ఉంటాయి.

బ్రేకుల మేస్త్రీ ఆ పూటే పనిముట్లు సర్దుకుని వెళ్ళిపోయాడు. మామగారు బాగున్న రోజుల్లో తెచ్చుకున్న మనిషి. వెళ్తూ గేటు దగ్గర అతనితో, "నా చేతుల మీదుగా ఎవరూ చావకూడదయ్యా, నాకంతే చాలు," అన్నాడు. తనూ ఆ మాటే అని వెళ్ళిపోవచ్చు. ఎక్కడికి వెళ్తాడు. యార్డు మామగారిది, యార్డు మీద మేడగదులు మామగారివి, ఆ గదుల్లో తన మంచం, తన బట్టలు, తన భార్య. మామగారికి నోరు పడిపోయి మంచం పట్టాక అన్నిటికీ వీడే. ఆఫీసు గదిలో నిమ్మకాయ వాసనొచ్చే డబ్బా ఒకటి తగిలించాడు, నిమిషానికోసారి బుస్సుమంటుంది. డ్రైవర్లు లోపలికొస్తే వీడు చెయ్యి చాచి దాన్ని ఇంకోసారి నొక్కుతాడు. తను వెళ్ళినా నొక్కుతాడు. నవ్వుతూ నొక్కుతాడు, నీ గురించి కాదు బావా అన్నట్టు. పోనీ డ్రైవర్లు ఊరుకున్నారా అంటే ఊరుకున్నారు. చేత్తో ట్రైలర్‌ని విడిగా బ్రేకు పట్టడానికి స్టీరింగు పక్కన ఒక మీట ఉండేది, మీరు దాన్ని ఊరికే లాగేస్తున్నారని అదీ పీకించాడు, అప్పుడూ ఊరుకున్నారు. ఊరుకున్నవాళ్ళలో తనే మొదటివాడు. నాలుక మీద ఏదో చేదుగా తగిలింది. కిటికీ వైపు ఉమ్మబోయి, పక్కనున్నవాడి పొట్టు గుర్తొచ్చి, మింగాడు.

"చూశావా బావా, హాయిగా దిగుతోంది," అన్నాడు బావమరిది, నోట్లో గింజలతో. "నువ్వు ఉత్తినే బెంగపడతావు."

అతను గేరు ఇంకొకటి తగ్గించాడు. ఇంజను గొంతు పెంచి మూలిగింది. పొద్దున యార్డులో అందరి ముందూ అదే మాట అన్నాడు వీడు, భుజం మీద చెయ్యేసి. "మా బావకి భయమేస్తోందట, నేను పక్కన కూర్చుని దింపుతా పదండి," అని. క్లీనర్లు నవ్వారు. లోడింగువాళ్ళు నవ్వారు. ఆ చెయ్యి భుజం మీద చెమ్మగా, బరువుగా, సెంటు వాసనతో ఉంది. దాన్ని దులిపేయాల్సింది. తాళంచెవి నేల మీద పడేసి మేడెక్కిపోవాల్సింది. మేడ మీద కటకటాల్లోంచి భార్య చూస్తోంది. రాత్రే చెప్పింది, దిండు సర్దుకుంటూ, "చిన్నవాడు, వాడికి మాత్రం ఎవరున్నారు, నువ్వే సర్దుకో," అని. సర్దుకో. ఈ ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ ఆ ఒక్క మాట తింటున్నాడు, అదే పొద్దున, అదే సాయంత్రం, పాచిపోయినా పారేయకుండా మళ్ళీ వేడిచేసి పెడుతుంది. చెప్పి, అటు తిరిగి పడుకుంది. ఎప్పుడూ అటే. మొదట్లో ఒకసారి ముక్కు మీద వేలు పెట్టుకుని నవ్వుతూ చెప్పింది, "ఎంత రుద్దుకున్నా నీ దగ్గర డీజిలు పోదు కదా." అప్పుడు ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత నవ్వడం మానేసింది, అటు తిరగడం మానలేదు. తను వాడంటే ముక్కు మూసుకుంటున్నాడు, ఆమె తనంటే. ఇల్లంతా ఒకరి వాసనకి ఒకరు ముఖం తిప్పుకుని పడుకునేవాళ్ళే.

వీడు ఎప్పుడూ ఇలా ఉండేవాడు కాదు. తన పెళ్ళైన కొత్తలో వీడికి ముందు పళ్ళు రెండూ ఊడి ఉండేవి. బావా బావా అని వదిలేవాడు కాదు. నోట్లో చప్పరించిన బిళ్ళ విసుగొస్తే ఎక్కడ ఉమ్మాలో తెలియక అటూ ఇటూ చూసేవాడు, తను అరచెయ్యి పట్టేవాడు, ఆ అరచేతిలో ఉమ్మేసి పరిగెత్తేవాడు. ఎర్రగా, జిగటగా, వెచ్చగా ఉండేది. పంచె అంచుకి తుడుచుకునేవాడు, అంతే. అప్పుడు అసహ్యం వేయలేదేం? ఉమ్మి అదే, నోరూ అదే. మనిషి మీద అసహ్యం ముందు మనసులో పుడుతుందా, ముక్కులో పుడుతుందా? ఎప్పుడు మొదలైందో గుర్తు చేసుకుందామంటే దొరకదు. మామగారి కుర్చీలో వీడు మొదటిసారి కూర్చున్న రోజు కాదు. మంచం పక్కన, పడిపోయిన నోటి మూల నుంచి కారుతున్న మామగారి చొంగని నర్సు తుడుస్తుంటే, వీడు ఫోను చూసుకుంటూ కుర్చీ కాస్త పక్కకి జరుపుకున్నాడే, అప్పుడు. ఒక్క జానెడు జరిపాడు. ఆ జానెడే.

బ్రేకు. ధడేల్. మళ్ళీ బ్రేకు. కాలు కిందికి దిగినంత దిగుతోంది, పట్టు మాత్రం ముందున్నంత లేదు. అప్పుడు వచ్చింది వాసన. మొదట సెంటు వాసనలో కలిసిపోయి అనుమానంగా, తర్వాత అనుమానం లేకుండా, కాలిన వెంట్రుకలూ కాలిన గోళ్ళూ కలిసినట్టు. లైనర్లు. ట్రైలర్ మోయాల్సిన బరువంతా మోసి మోసి లారీ చక్రాలు కాలుతున్నాయి. అద్దంలో వెనక చక్రం దగ్గర నీలంగా పొగ. ఎదుట డయల్లో గాలి ప్రెషరు ముల్లు తగ్గుతోంది, తొక్కిన ప్రతిసారీ ఇంకాస్త.

"ఏంటి బావా ఆ కంపు?" అన్నాడు బావమరిది.

"మన బ్రేకులు."

"కిటికీ వేసేయనా?"

అతనికి నవ్వొచ్చినంత పనైంది. లోకం తగలబడుతుంటే కిటికీ వేసుకునే మనిషి. "సీటు పట్టుకో," అన్నాడు. వాడి నమలడం ఆగింది. ఇంత సేపటికి ఆగింది. ఆ నిశ్శబ్దం ఎంత బాగుందంటే, ఈ స్థితిలో కూడా ఒక రెప్పపాటు అతను దాన్ని అనుభవించాడు. తర్వాత మలుపు వచ్చింది. గేరు ఇక తగ్గదు. ఇంజను పగిలిపోయేలా అరుస్తోంది. కడ్డీల కట్లు తెగి ముందుకొస్తే మొదట వచ్చేది ఈ క్యాబిన్లోకే, వీపులోంచి ఛాతీలోకి, ఇద్దరినీ ఒకే కడ్డీకి గుచ్చుతుంది, చావు కూడా వీడితో పంచుకోవాలి, ఆ మాట అనుకోగానే కడుపులోంచి కోపం లేచింది, భయం కాదు, చీదర, వీడి పక్కన చావను, ఎక్కడైనా చస్తాను గానీ ఈ గింజల పొట్టులో చావను. ఎదురుగా బండి రాలేదు. ట్రైలర్ తోక ఒక పక్కకి జరుగుతున్నట్టు అద్దంలో కనిపించింది, స్టీరింగు నెమ్మదిగా, చాలా నెమ్మదిగా, నిద్రపోతున్న పిల్లని మంచం మీద పడుకోబెడుతున్నట్టు తిప్పాడు, తోక మళ్ళీ వరసలోకొచ్చింది. మలుపు దాటాక ఎడమ పక్కన రాతి క్వారీకి ఎక్కే మట్టి దారి ఉంది. పాతది, ఇప్పుడెవరూ వెళ్ళరు. అది ఉండేదని తనకి తెలుసు, ఇంకా ఉందో కూలిపోయిందో తెలియదు. పక్కన ఎవరో అరుస్తున్నారు, ఒకే గొంతుతో, ఆపకుండా, బావా అని కూడా కాదు, అమ్మా అని. మట్టి దారి ఉంది. తిప్పాడు. లారీ గతుకులో పడి లేచి, దుమ్ములోకి, రాళ్ళలోకి, ఎత్తు మీదికి ఎక్కింది. ట్రైలర్ ఈసారి తోయలేకపోయింది, ఎత్తులో దాని బరువే దాన్ని వెనక్కి లాగింది. వేగం చచ్చింది. వెనక్కి జారబోయే ముందు పార్కింగు బ్రేకు మీట లాగాడు, వీడి స్క్రూతో పనిలేనిది, పరుగులో లాగితే బండిని పల్టీ కొట్టించేది. భుస్సుమంది గాలి. వెనక ట్రైలర్ చక్రాలు గట్టిగా పట్టుకున్నాయి. పట్టుకోవా మరి, ఇంతసేపూ ఏ పనీ చేయక చల్లగా ఉన్నాయి.

దుమ్ము అణగడానికి చాలాసేపు పట్టింది. అతను దిగి, చేతికి దొరికిన పెద్ద రాళ్ళు చక్రాల వెనక పెట్టాడు. లారీ చక్రం దగ్గరికి అరచెయ్యి తీసుకెళ్తే సెగ కొట్టింది. ట్రైలర్ చక్రం మీద చెయ్యి ఆనించాడు. గోరువెచ్చగా కూడా లేదు. చెయ్యి అలాగే ఉంచి నిలబడ్డాడు. పక్కన ముళ్ళ చెట్టు పట్టుకుని వాంతి చేసుకున్నాడు. పొద్దున తిన్నది, పొద్దున మింగినది, అంతా. నోరు తుడుచుకుని క్యాబిన్ ఎక్కబోతే తలుపు తెరిచిన చోటే ఇంకో వాసన ఎదురొచ్చింది. బావమరిది కదల్లేదు. ఒళ్ళో పొట్లం చినిగి గింజలన్నీ తొడల మీద, ఆ గింజలు తడిగా ఉన్నాయి, ఖరీదైన లేత రంగు ప్యాంటు మోకాళ్ళ దాకా ముదురు రంగులోకి మారింది, సీటు అంచు నుంచి బొట్లు బొట్లుగా చాప మీద పడుతోంది.

వాడు తలెత్తి చూశాడు. "ఎవరికీ చెప్పకు బావా," అన్నాడు.

అతనికి ఆ క్షణంలో గుర్తొచ్చింది వాడు కాదు, ముసలాయన. యార్డులో అందరికంటే పాత డ్రైవరు, అందరూ బాబాయ్ అని పిలుస్తారు. అదే లోడు, అలాంటిదే ట్రైలర్, వీళ్ళ వెనకే బయలుదేరాడు. కొండ దిగే ముందు పైన కొట్టు దగ్గర ఆగి టీ తాగే అలవాటు ఆయనకి. తాగి దిగుతాడు. దిగడం మొదలుపెట్టి ఉండొచ్చు కూడా. ఆయన ట్రైలర్ స్క్రూ కూడా వీడు తిప్పిందే.

"ఫోనివ్వు. బాబాయ్‌ని ఆపాలి." తన ఫోను ఎప్పుడో చచ్చింది, క్యాబిన్లో ఉన్న ఒక్క ఛార్జరూ పొద్దుట్నుంచీ వీడి ఫోనుకే సరిపోయింది.

"ఏమని చెబుతావు?"

"దిగొద్దని చెబుతా."

"వద్దు బావా. ఎందుకు అంటాడు. యార్డంతా తెలిసిపోతుంది. నవ్వుతారు. ఆయన నిదానంగా దిగుతాడులే, ఆయనకి అలవాటే. తర్వాత నేను చూసుకుంటా, అన్నీ మళ్ళీ సరిచేయిస్తా, ఒట్టు."

అతను వాడి ముఖం వైపు చూశాడు. ఉచ్చలో కూర్చుని లెక్కలేసుకుంటున్నాడు. ఆ ముసలాయన వీణ్ణి చంకనెత్తుకుని తిప్పాడు చిన్నప్పుడు. ఇంతసేపూ అసహ్యం అనుకున్నదంతా అసహ్యం కాదేమో, ఉమ్మీ చెమటా ఊరికే చీకాకు, అసలుది ఇప్పుడొచ్చింది, చల్లగా. వంగి, వాడి చేతులు పక్కకి తోసి, ఆ తడి ప్యాంటు జేబులోకి చెయ్యి పెట్టాడు. గుడ్డ వేళ్ళకి అతుక్కుంది. వెచ్చగా ఉంది. అదే అన్నిటికంటే ఘోరం, ఇంకా వెచ్చగా ఉంది, బతికున్నదేదో పట్టుకున్నట్టు. ముక్కు బిగబట్టి ఫోను బయటికి లాగాడు. అద్దం మీద తడి. వేలు పెడితేగాని తెరుచుకోని ఫోను. వాడి బొటనవేలు పట్టుకున్నాడు. వాడు లాక్కోబోయాడు, వదల్లేదు. వేలు తడిగా ఉందని తెరుచుకోలేదు. తన చొక్కా అంచుతో వాడి వేలు తుడిచాడు, గోరు మూలలు కూడా, పసివాడికి తుడిచినట్టు, తుడిచి మళ్ళీ అద్దం మీద నొక్కాడు. తెరుచుకుంది.

"చెప్పండి చిన్నసారూ," అంది ముసలాయన గొంతు.

"నేను బాబాయ్. ఎక్కడున్నావు?"

"పైనే. టీ తాగేశా, ఎక్కుతున్నా. నీ గొంతేంటి అలా ఉంది?"

"ఎక్కకు బాబాయ్. బండి తియ్యకు. నేనొచ్చేదాకా తియ్యకు."

అటునుంచి క్యాబిన్ తలుపు వేసిన చప్పుడైంది. తర్వాత, "తోసిందా?" అన్నాడు ముసలాయన.

"తోసింది."

"నీకేం కాలేదుగా?"

"లేదు."

"చిన్నసారుకి?"

అతను బావమరిది వైపు చూశాడు. వాడి కళ్ళు ఫోను మీదే ఉన్నాయి. చెప్పేయాలని నాలుక చివరిదాకా వచ్చింది, ఒక్క ముక్కలో, ఆ ముక్క ఎంత తియ్యగా ఉంటుందో కూడా తెలుస్తోంది. "బాగానే ఉన్నాడు," అన్నాడు.

ఇక ఈ బండి సంగతి. ఇలాగే కిందికి దింపలేడు. ముందు దీని ప్రెషరు సరిచేయాలి, ఆ తర్వాత పైకెళ్ళి ఆయనది. గేజీ తన సొంతం, మేస్త్రీ వెళ్ళేటప్పుడు అడిగి ఉంచుకున్నాడు, సీటు వెనక సంచిలో ఉంది, స్పానర్లూ ఉన్నాయి. కానీ ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఒకడు కింద పడుకుని గేజీ చూస్తూ స్క్రూ తిప్పుతుంటే, ఒకడు పైన పెడలు తొక్కాలి. ఇంకెవరున్నారిక్కడ. అంటే వీడు వచ్చి తన సీట్లో కూర్చోవాలి, ఆ ప్యాంటుతో. బట్టల సంచిలో తన ప్యాంటు ఒకటి ఉంది, ఉతికింది. తీసి వాడి మీదికి విసిరాడు. దయ కాదది, సీటు కోసం. వాడు బండి చాటుకెళ్ళి మార్చుకుని వచ్చాడు. పొడుగు ఎక్కువైంది, అంచులు మడుచుకున్నాడు, నడుము చేత్తో పట్టుకున్నాడు. తడి ప్యాంటుని ఏం చేయాలో తెలియక కాసేపు వేలితో వేలాడేసుకుని నిలబడి, చివరికి ముళ్ళ చెట్టు మీద పడేశాడు.

"నేను తొక్కమంటే తొక్కు. వదలమంటే వదులు. ఇంకేం ముట్టుకోకు," అని చెప్పి అతను ట్రైలర్ కిందికి దూరాడు.

కింద చల్లగా, నల్లగా ఉంది. గ్రీజు మట్టితో కలిసి ముద్దలుగా వేలాడుతోంది. వాల్వు దగ్గర చిన్న మూత తీసి గేజీ గొట్టం బిగించాడు. స్క్రూ మీద నట్టు చుట్టూ గీతలు, కొత్తవి, స్పానరు సరైనది కాక జారి జారి పడ్డవి. నట్టు మూలలు అరగదీశాడు, అదీ చేతకాలేదు. "తొక్కు," అని అరిచాడు. గాలి గొట్టంలోంచి చీదినట్టు శబ్దం, ముల్లు లేచింది, సగం దాకా లేచి నిలబడింది. సగం. మనుషుల్ని ఈ సగంతో కొండ దింపాడు వీడు. "వదులు." స్క్రూ లోపలికి తిప్పాడు. "తొక్కు." ఇంకాస్త లేచింది. "వదులు." పైనున్న కాలు బుద్ధిగా తొక్కుతోంది, బుద్ధిగా వదులుతోంది. తల మీద ఉన్న టన్నుల ఇనుమూ, దాన్ని ఆపుతున్న నాలుగు రాళ్ళూ, ఆ పైన వీడు. ఇంకేం ముట్టుకోవద్దని చెప్పాడు సరే, ముట్టుకుంటే? పార్కింగు మీట అక్కడే ఉంది, చేతికందేంత దూరంలో. ముట్టుకోడు. భయపడ్డ మనిషి చెప్పింది చెప్పినట్టు చేస్తాడు. "తొక్కు." ముల్లు ఉండాల్సిన చోటికి వచ్చింది, ఒక పిసరు ఎక్కువగా, మేస్త్రీ ఉంచినట్టు. సరిపోయింది. నట్టు బిగించేయొచ్చు.

"చాలా బావా?" అంది పైనుంచి ఆ గొంతు. సన్నగా, వినయంగా. ఇన్నేళ్ళలో ఆ గొంతు తనని ఏదైనా అలా అడగడం ఇదే మొదలు.

"చాలదు. తొక్కే ఉంచు."

ఉంచాడు. ముల్లు కదలకుండా నిలబడి ఉంది. అతను చేతులు ఛాతీ మీద పెట్టుకుని పడుకున్నాడు. "చాలా బావా?" "ఇంకా." కాలు నొప్పెడుతున్నట్టుంది వాడికి, గొంతులో తెలుస్తోంది. "బావా, చాలా?" ఎంత బాగుంది. చల్లటి మట్టి మీద పడుకుని, పైవాణ్ణి ఊరికే తొక్కించడం, వాడు అడగడం, తను కాదనడం. ఆఫీసు గదిలో నిమ్మకాయ డబ్బా నొక్కేటప్పుడు వాడికి ఇలాగే ఉంటుందేమో. ఇదే రుచేమో. ఆ ఊహ రాగానే పక్కకి తిరిగి మట్టిలోకి ఉమ్మాడు. ఈసారి చీదర ఎవరి మీదో వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. "వదులు," అన్నాడు, నట్టు బిగించి, గొట్టం ఊడదీసి, పాక్కుంటూ బయటికొచ్చాడు. వాడి ముఖం చూడబుద్ధి కాలేదు.

పైకి నడిచే వెళ్ళారు. స్పానర్ల సంచి వాడే ఎత్తుకున్నాడు, అడక్కుండానే. ఎండ మాడుస్తోంది. నాలుగో మలుపు దాటి పైన ట్రైలర్ తోక కనిపించేసరికి, ఊపిరి కూడదీసుకుంటున్నట్టే మెల్లగా వాడి నడక మారింది, వెన్ను నిటారైంది, సంచి ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మారింది. "అక్కకి నేను చెబుతాలే బావా, నువ్వు కంగారుపెట్టకు," అన్నాడు. ఆ గొంతు తిరిగొచ్చేస్తోంది. ఇంకో మలుపు ఉంటే పూర్తిగా వచ్చేసేది.

ముసలాయన ట్రైలర్ పక్కనే నిలబడి ఉన్నాడు. అతన్ని చూసి, దగ్గరికొచ్చి, భుజాలూ మోచేతులూ తడిమి చూశాడు, ఎక్కడా విరగలేదని తేల్చుకోవడానికన్నట్టు. అతను గేజీ తీసుకుని బండి కిందికి దూరాడు. ఇక్కడ కూడా అవే గీతలు, అదే అరిగిన నట్టు. కింద నుంచి రెండు జతల కాళ్ళే కనిపిస్తున్నాయి. పాత చెప్పులు, ముసలాయనవి. మెరిసే బూట్లు, వాటి మీద తన ప్యాంటు.

"నట్టు మూలలన్నీ పోయాయి బాబాయ్," అన్నాడు కింద నుంచి.

"ఎవరు తిప్పారు దీన్ని?" అంది ముసలాయన గొంతు.

అతను స్పానరు పట్టుకుని ఆగాడు. తను చెప్పడు. వాడే చెప్పాలి. చెబుతాడా? చెబితే, ఈ పూటకి, ఈ ఒక్క పూటకి, వాణ్ణి చూడగలడు తను. బూట్లు కదిలాయి, ఒకదాని మీద బరువు ఇంకోదాని మీదికి మారింది.

"ఎవడో తెలియనివాడు తిప్పినట్టున్నాడు బాబాయ్," అన్నాడు బావమరిది.

అబద్ధమాడబోయి అచ్చమైన నిజం చెప్పేశాడు, వెధవ. అతనికి నవ్వొచ్చింది. ఆపుకోలేక, చప్పుడు కాకుండా, కళ్ళలోకి మట్టి రాలుతున్నా కదిలిపోతూ నవ్వాడు, నవ్వుతుంటే గొంతులో వాంతి చేదు తగిలింది. చెప్పులు కదల్లేదు. అవి బూట్ల వైపు తిరిగి, ఆ పొడుగు ప్యాంటు ముందు, చాలాసేపు అలాగే ఉన్నాయి. ఆ ప్యాంటు ఎవరిదో ఆయనకి తెలుసు. యార్డులో దండెం మీద వారానికి రెండుసార్లు చూసేదే.

"అయ్యుంటాడు," అన్నాడు ముసలాయన చివరికి. తర్వాత ఆయన చెయ్యి కిందికి వచ్చింది. ముడతలు పడ్డ, నల్లటి వేళ్ళు. ఆయన ఒంగి కూర్చుని, బూటు కింద పడి నలుగుతున్న ప్యాంటు అంచుని పైకి లాగి, దుమ్ము దులిపి, మెల్లగా రెండు మడతలు పెట్టాడు. "మడత ఊడింది బాబూ. ఎక్కేటప్పుడు తట్టుకుని పడతావు. వెళ్ళు, వెళ్ళి కూర్చో. మీ బావ చెప్పినట్టు తొక్కు."

బూట్లు వెళ్ళిపోయాయి. తలుపు వేసిన చప్పుడైంది. అతను గొట్టం బిగించి, నట్టుకి స్పానరు పట్టేదాకా వెతికి, కళ్ళలో మట్టి మోచేత్తో తుడుచుకున్నాడు.

"తొక్కు," అన్నాడు.

ముల్లు లేచింది. అది నిలబడగానే, పైనుంచి ఎవరూ ఏదీ అడక్కముందే, "వదులు," అన్నాడు.